దొర గ్లాసు వేరు

లూర్దమ్మకు కాక్‌టెయిల్ కలపడం నేర్పింది ఆమె మేనమామ ఇన్నయ్య. సికిందరాబాదులో ఒక క్లబ్బులో ఆయన బారు చూసేవాడు. తల్లి పోయాక లూర్దమ్మ ఆయన దగ్గరే పెరిగింది. క్లబ్బు వెనక గ్లాసులు తుడుస్తూ, మామ చేతులకేసి చూస్తూ పని పట్టుకుంది. పండ్ల రసం పడినదాన్ని షేకర్లో, అంటే మూత బిగించే పొడుగు గిన్నెలో, ఐసు వేసి గట్టిగా కుదపాలి. రసం లేనిదాన్ని పొడుగు చెంచాతో నెమ్మదిగా తిప్పాలి. కొలత లేకుండా చుక్క కూడా పొయ్యకూడదు. "తాగేవాడు ముందు ముక్కుతో తాగుతాడే అమ్మాయ్, ఆ తర్వాతే నోటితో" అనేవాడు ఇన్నయ్య, నిమ్మతొక్కను గ్లాసు మీద మెలిపెట్టి పిండుతూ.

జోజయ్యను పెళ్లాడి జగ్గయ్యపేట వచ్చాక ఆ విద్యతో పనిలేకుండా పోయింది. ఇక్కడ మద్యనిషేధం. గరికపాడు దాటితే తెలంగాణ. అక్కడ సారా దుకాణాలు బాహాటంగా నడిచేవి. ఇవతల సీసాతో దొరికితే జైలు. ఎడ్లబండి తోలే జోజయ్య ఒకసారి ఎవరిదో సరుకు వరిగడ్డి కింద పెట్టుకుని వస్తూ పట్టుబడ్డాడు. సరుకు అసలు ఆసామి పేరు బయటికి రాలేదు. నందిగామ సబ్‌జైలు నుంచి దగ్గుతో ఇంటికి వచ్చిన జోజయ్య ఆ వానాకాలం దాటలేదు.

కూతురు ప్రేమకుమారిని నందిగామలో హాస్టల్లో ఉంచి లూర్దమ్మ వంటపనికి కుదిరింది. ముక్త్యాల వైపు సున్నపురాయి నాణ్యం చూడటానికి అప్పట్లో ఒక కంపెనీ బోరింగులు వేయిస్తోంది. పేట శివార్లో వాళ్లు అద్దెకు తీసుకున్న బంగళాలో ఒక విదేశీ ఇంజినీరు ఉండేవాడు. అందరికీ ఆయన దొర. పరాయి దేశస్థుడు కనక తన వాడకానికి మందు తెచ్చుకునే పర్మిట్ ఆయనకు ఉండేది. బెజవాడ నుంచి ఊకలో కప్పి తెచ్చిన ఐసుతో, సాయంత్రం పూట లూర్దమ్మ ఆయనకు జిన్నూ నిమ్మరసమూ కలిపి ఇచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేనేజరు శ్రీమన్నారాయణ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"సాయంత్రం తిరుపతిరావు గారొస్తున్నారు. దొరతో పాటు ఆయనకీ, ఆయన వెంట వచ్చే చుట్టానికీ కూడా కలపాలి."

తిరుపతిరావు వీరులపాడులో పెద్ద రైతు. కంపెనీకి లారీలు, కూలీలు ఆయనే పంపుతాడు.

"పర్మిట్ దొరగారొక్కరికే గదండీ" అంది లూర్దమ్మ.

"నాకు తెలీదా? ఆయన లారీలు ఆపితే రేపట్నించి పనాగిపోద్ది. నువ్వు కలిపి తీసుకురా. ఏదన్నా వస్తే నేను చూసుకుంటా."

"మా ఆయనకీ ఇట్టాగే చెప్పారండీ."

శ్రీమన్నారాయణ గుమ్మం దిగి వెళ్లిపోయాడు.

కాదంటే ఉన్న పని పోతుంది. కలిపితే, ఎవరైనా చెప్పి పట్టిస్తే, జైలుకు పోయేది తనే. అప్పుడు పిల్లకు దిక్కెవరు? మాంసం కూరకు అల్లం దంచుతూ లూర్దమ్మ అదే ఆలోచిస్తోంది. ఘాటుకు కళ్లు మండాయి. చెయ్యి ఆగిపోయింది. తిరుపతిరావు బ్రాందీ ఎరిగినవాడేమో గాని జిన్ను ఎరగడు. దాని రుచి ఎలా ఉంటుందో ఆయనకు చెప్పేవాళ్లూ లేరు.

దంచిన అల్లాన్ని గుడ్డలో పిండి, ఆ రసాన్ని తేర్చింది. మిరియాలు మరిగించిన నీళ్లు వడగట్టి పక్కన పెట్టింది.

పొద్దు వాలుతుండగా కారు వచ్చింది. లూర్దమ్మ ముందు దొరకు కలిపింది: కొలిచిన జిన్ను, నిమ్మరసం, పంచదార పాకం, ఐసు. షేకర్ బయట మంచు పట్టి వేళ్లు అంటుకునేదాకా కుదిపి వడపోసింది. తర్వాత షేకర్‌ను వేడినీళ్లతో కడిగింది. వాసన చూసి మళ్లీ కడిగింది. అల్లం రసం, మిరియాల నీళ్లు, నిమ్మ, పాకం వేసి ఇంకా గట్టిగా కుదిపింది. ఆ గ్లాసుల మీద దబ్బతొక్క మెలిపెట్టి పిండింది. మూడు గ్లాసులూ ఒకే తీరుగా తెల్లగా నురగ కట్టాయి. దొర గ్లాసును పళ్లెంలో తనవైపు పెట్టుకుంది.

వరండాలో తిరుపతిరావు చెయ్యి చాచాడు, సూటిగా దొర గ్లాసు మీదికి. 

"అది దొరగారిదండీ, తీపి తక్కువ" అంటూ లూర్దమ్మ పళ్లెం తిప్పింది.

ఆయన వేరేది తీసుకుని ఒక గుక్క వేసి దగ్గాడు. "ఘాటుందే" అన్నాడు చుట్టంతో. "సరుకంటే ఇదీ." రెండో గ్లాసు అయ్యేసరికి ఆయన గొంతు పెరిగింది. మొహం ఎర్రబడింది. శ్రీమన్నారాయణ నవ్వుతూనే గేటు వైపు చూస్తున్నాడు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు నందిగామ నుంచి వచ్చిన ప్రొహిబిషన్ ఎస్సై. లారీల కాంట్రాక్టు దక్కనివాడెవడో ఆయనకు కబురు పంపాడు. తిరుపతిరావు గ్లాసు బల్ల మీద పెట్టి దూరంగా నెట్టాడు. ఎస్సై దొర పర్మిట్ చూశాడు, సీసా తెప్పించుకుని చూశాడు. దొర గ్లాసు వాసన చూసి పక్కన పెట్టాడు. తర్వాత తిరుపతిరావు గ్లాసు ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచాడు.

"తిరుపతిరావు గారూ, కాస్త ఊదండి."

 తను తాగింది మందేనని తిరుపతిరావుకు రూఢి. నోరు తెరిచి ఊదాడు. ఎస్సై నొసలు చిట్లించి మళ్లీ ఊదమన్నాడు. 

"ఏం కలిపావమ్మా ఇందులో?"

"అల్లం, నిమ్మకాయండీ. కాసిని మిరియాల నీళ్లు."

ఎస్సై గ్లాసు అడుగున మిగిలింది నాలిక మీద వేసుకుని చూశాడు. చుట్టం నోరూ వాసన చూశాడు. వెంట వచ్చిన జవాన్లతో వంటిల్లంతా వెతికించాడు. చివరికి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

జీపు మోత వినబడకుండా పోయింది. దొరకు భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. తల దించుకుని కూర్చున్నాడు. తిరుపతిరావు లూర్దమ్మ వైపు తిరిగాడు.

"అల్లం నీళ్లు తాగించి నన్నిట్టా ఆడించావా?"

"నాకు భయమేసిందండీ" అంది లూర్దమ్మ. "మా ఆయన జైలు నుంచొచ్చి చచ్చిపోయాడు. నాకు ఆడపిల్లుంది."

 తనకు జైలు తప్పించిన మనిషిని ఆయన తిట్టలేకపోయాడు. చుట్టం ముందు చులకనైన సంగతి మరిచిపోనూ లేకపోయాడు. మెట్లు దిగి కారెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గర్నించి మనిషి వచ్చాడు. తర్వాత శ్రీమన్నారాయణ వంటింట్లోకి వచ్చి, నేల చూస్తూ చెప్పాడు. "నువ్వు లేకపోతే నిన్న మేమందరం లోపలుండేవాళ్లం. కానీ ఆయన నిన్నిక్కడ చూడలేనంటున్నారు. లారీలు కావాలి గదా."

 లూర్దమ్మ బట్టలు మూటగట్టుకుని నందిగామ బస్సెక్కింది. బస్సు కదిలాక గానీ ఆమెకు వణుకు రాలేదు. చేతులు ఎంత వణికాయంటే టిక్కెట్టు పట్టుకోలేకపోయింది. కండక్టరే దాన్ని ఆమె మూట ముడిలో దోపి, "జ్వరమా అమ్మా?" అని అడిగాడు. కాదంది.

ప్రేమకుమారి ఉండే హాస్టల్లోనే ఆయమ్మ పని దొరికింది. పిల్ల చదువు పూర్తయ్యేదాకా అక్కడే చేసింది. ఆ ఆదివారం సంగతి ఎవరైనా అడిగితే, తను ధైర్యం చేశానని ఏనాడూ చెప్పుకోలేదు. ఎస్సై తిరుపతిరావు గారి ఊపిరి వాసన చూస్తున్నంతసేపూ, షేకర్ మూడోసారి కూడా కడిగి ఉండాల్సిందని భయపడుతూ నిలబడ్డానని మాత్రం చెప్పేది.