రెండు నుంచి మూడుకి

జులై, శనివారం. నిన్నటి నుంచి ముసురు, తెరిపి లేదు. షెడ్డు ముందు కాలువకు అడ్డం పడ్డ మట్టిని పారతో తీసి పక్కన పోశాను. పార కడుగుతుంటే శ్రీనగర్ కాలనీ నుంచి మాస్టారి భార్య ఫోన్ చేశారు. మాస్టారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు.

నేను రోజూ రాసుకునే లెక్కలో శనివారం నాడు ఉన్నది ఇంతే. ఏ బండి వచ్చింది, ఏం విప్పాను, ఏం బిగించాను, వాన పడిందా లేదా, ఇవి రాసుకోవడం బడి మానేసినప్పటి నుంచీ అలవాటు. మాస్టారి గురించి నాలుగు మాటలు రాయమని మన కాలనీ పత్రిక వాళ్ళు అడిగితే నాకు రాదన్నాను. తర్వాత ఆలోచిస్తే, షెడ్డులో ఆయన ఎలా ఉండేవారో చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరనిపించింది. అందుకని లెక్క రాసినట్టే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించాలి.

షేక్‌పేట నుంచి ఫిలింనగర్‌కి ఎక్కే దారిలో మా షెడ్డు. మామూలు గేర్‌బాక్సులు విప్పి బాగుచేయడం నా పని. మాస్టారు మొదటిసారి తన సొంత కారుతో వచ్చారు. అది ఆటోమేటిక్. అలాంటివి మేం ముట్టుకోం, కంపెనీకి తీసుకెళ్ళండి అన్నాను. ఆయన బండి దిగి, ఖాళీ ఆయిల్ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"ఏమయ్యా, భయమా, బద్ధకమా?" అని అడిగారు.

భయమే అన్నాను. "అయితే సరే. బద్ధకానికైతే మందు లేదు" అన్నారు.

కోస్తా నుంచి వచ్చినవారు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. కూతురు ఇక్కడ డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తుంది కాబట్టి ఈ ఊరు చేరారు. ఆ రోజు నుంచి పొద్దున్నే రావడం, ఆ డబ్బా మీదే కూర్చోవడం. కుర్చీ తెప్పిస్తే దాని మీద గొడుగు పెట్టుకునేవారు.

నాకు ఆయన నేర్పింది పుస్తకం చూపించి కాదు. విప్పిన గేర్‌బాక్స్ లోంచి ఒక గేర్ల కూర్పు తీసి నా చేతుల్లో పెట్టారు. మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు మూడు, వాటన్నిటినీ చుట్టుకుని బయట పళ్ళ రింగు. మధ్య గేరును వేళ్ళతో పట్టుకోమన్నారు, రింగు తిప్పమన్నారు. చిన్న గేర్లను మోసే చట్రం నెమ్మదిగా తిరిగింది. ఈసారి చట్రాన్ని పట్టుకుని మధ్య గేరు తిప్పమన్నారు. రింగు వెనక్కి తిరిగింది. నేను చేతులు మార్చి మార్చి చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

"గేర్లు మారతాయని జనం అంటారు. అవేం మారవయ్యా. ఎప్పుడూ పళ్ళు కలుపుకునే ఉంటాయి. ఎవర్ని పట్టుకోవాలి, ఎవర్ని వదలాలి అన్నదే మారేది" అన్నారు. ఆ పట్టుకునే పని క్లచ్ ప్లేట్ల కట్టలు చేస్తాయి. వాటిని నొక్కేది ఆయిల్. ఆ ఆయిల్‌ను ఏ దారిలో పంపాలో చెప్పేది వాల్వ్ బాడీ, దానికి ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటర్. ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో ఉన్నది ఇంతే. ఇంతే అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, దీన్ని నా బుర్రలోకి ఎక్కించడానికి ఆయన ఎన్ని పొద్దులు పోగొట్టుకున్నారో.

ఒకరోజు కారు కింద నుంచి నిండా పాత ఆయిల్ ఉన్న ట్రే తీస్తున్నాను. తానూ పడతానని చేతులు చాపారు. నేను ఇచ్చేలోపే ఆయన లాగారు, ఆయిల్ నా చొక్కా మీద పడింది. రెండోసారి ఆయన పట్టుకోకముందే నేను వదిలాను, ఆయన చెప్పుల మీద పడింది. నేను బెదిరిపోయాను. ఆయన నవ్వుతున్నారు. కావాలనే చేయించారని అప్పుడు అర్థమైంది.

"రెండో గేరు నుంచి మూడో గేరుకి ఇదే నాయనా. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి అందుకోవాలి. ముందే అందుకుంటే రెండూ గుద్దుకుని బండి కుదుపుతుంది. ఆలస్యమైతే మధ్యలో ఎవరి చేతిలోనూ ఉండదు, ఇంజన్ ఊరికే అరుస్తుంది" అన్నారు. ఇంటికి వెళ్ళాక ఆ చెప్పుల గురించి వాళ్ళావిడ, అమ్మగారి చేత చివాట్లు తిన్నారట. అదీ ఆయనే చెప్పారు.

అలా అరిచే బండి ఒకటి ఈ మధ్య మా దగ్గరకు వచ్చింది. వెంగళరావు నగర్‌లో ఉండే ఒక అక్కది. ఫిలింనగర్‌లో సినిమా బట్టలు కుట్టేచోట నుంచి షూటింగ్ జరిగేచోటికి బట్టలు మోస్తుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు పనిచేయదు. క్లచ్ తొక్కలేదు. ఆటోమేటిక్ తప్ప వేరే బండి ఆమె నడపలేదు, అద్దెకు తెచ్చుకోనూ లేదు. మేం గేర్‌బాక్స్ విప్పి, అరిగిపోయిన క్లచ్ ప్లేట్లు మార్చి బిగించాం. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంకా అరుస్తోంది. వాల్వ్ బాడీ మీద అనుమానంతో దాన్ని శుభ్రం చేసి, ఆయిల్ పంపే సోలెనాయిడ్లు కొత్తవి వేశాం. మళ్ళీ అదే అరుపు. మళ్ళీ దించి విప్పాం. ముక్కలన్నీ బల్ల మీద వరసగా పరిచి ఉండగా మాస్టారు పోయారు.

శనివారం మధ్యాహ్నం దహనం అయింది. ఆదివారం పొద్దున్నే షెడ్డు తెరిచాను. అక్క ఆటోలో వచ్చి, కర్ర పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. సార్ పోయిన సంగతి తెలిసి, ముందు ఆయన డబ్బా వైపు చూసింది.  తర్వాత తనే చెప్పింది, సోమవారం పొద్దున బండి రాకపోతే వేరే బండి పెట్టుకుంటామని మేనేజర్ తేల్చి చెప్పాడట. సినిమా అయిపోయేదాకా ఇంక పిలవరు.

"అన్నా, అయితదా కాదా, ఒక్కమాట చెప్పు. కాదంటే గిట్లనే లేచి పోత. నీ మీద కోపం లేదు."

కాదు అని చెప్పడానికే నోరు తెరిచాను.  మధ్యాహ్నం దాకా ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు. వాల్వ్ బాడీ మళ్ళీ ముందేసుకున్నాను. అరచేతి మందం అల్యూమినియం, లోపలంతా సన్నని కాలువలు. ఒక్కోదాంట్లో గాలి కొట్టి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయనుంటే డబ్బా మీద కూర్చుని ఏదో ఒకటి అనేవారు. ఇంత నేర్పి మధ్యలో వదిలేసి పోతారా అని కోపం వచ్చింది. చితి ఇంకా పూర్తిగా చల్లారి ఉండదు, నేనిక్కడ కోప్పడుతున్నాను. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఏం తోచక నా బండి వేసుకుని శ్రీనగర్ కాలనీకి వెళ్ళాను. పరామర్శకు అని బయటికి, నిజానికి ఆయన చివరి రోజు ఈ గేర్‌బాక్స్ గురించి ఇంట్లో ఏమైనా అన్నారేమో అడగాలని. అడగడానికి సిగ్గేసింది. అమ్మగారు మంచినీళ్ళిచ్చి, ఆయన మందులన్నీ ఒక సంచిలో వేస్తున్నారు. అందులో కంటి చుక్కల సీసా ఉంది.

"రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు బాబూ. ఈ బండి అయ్యాక చేయించుకుంటానన్నారు. నీతో చెప్పలేదా?"

లేదన్నాను.

"చెప్పరులే. చెబితే నువ్వు ఆయన్ని కొలవనివ్వవని అనేవారు."

తిరిగి ఎలా వచ్చానో గుర్తులేదు. క్లచ్ ప్లేట్ల కట్టకూ, దాన్ని బయటికి రాకుండా పట్టుకునే రింగుకూ మధ్య కొంచెం సందు ఉండాలి. ఆ సందు ఎక్కువైతే ఆయిల్ వచ్చి నొక్కేసరికి ఆలస్యమవుతుంది, మూడో గేరు సమయానికి అందుకోదు. అందుకే రింగులు రకరకాల మందాల్లో వస్తాయి, సందును బట్టి ఎంచుకోవాలి. కొలిచేది ఫీలర్ గేజ్‌తో, అంటే మడత కత్తిలా విచ్చుకునే పలుచటి ఉక్కు రేకుల కట్ట. ఒక్కో రేకు మీద దాని మందం చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటుంది. మా షెడ్డులో మొదటి నుంచీ ఒక పద్ధతి. విప్పడం, బిగించడం నాది. కొలవడం మాస్టారిది. ఆయన అంకె చెబితే నేను ఆ రింగు తీసి ఇచ్చేవాణ్ణి. డాక్టరు చూసిన నాడిని ఇంట్లో వాళ్ళు మళ్ళీ పట్టి చూడరు కదా. అలాగే అది. ఈ బండికి కూడా ఆయనే కొలిచారు. అందుకే వాల్వులు వెతికాం, సోలెనాయిడ్లు వెతికాం, ఆ ఒక్కచోటికి పోలేదు.

బల్ల ముందు నిలబడి గేజ్ చేతిలోకి తీసుకున్నాను. కొలత సరిపోవాలని మొక్కుకున్నాను. అది సరిపోతే బండి అవ్వదు, గుమ్మంలో కూర్చున్న మనిషి పని పోతుంది. తెలిసే మొక్కుకున్నాను.

ప్లేట్ల కట్టను పాత రింగుతోనే మళ్ళీ కూర్చి కొలిచాను. సరిపోలేదు. సందు ఎక్కువగా ఉంది. చేతులు తుడుచుకుని ఇంకోసారి కొలిచాను. అంతే వచ్చింది.

దీన్ని రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పోయిన మనిషి తప్పు పత్రికలో వేయడం ఏం మర్యాద అని ఇంట్లో వాళ్ళు అన్నారు. కానీ ఆయన షెడ్డులో ఎవరి చేతిలో ఏది పాడైనా, "పాడైందని గట్టిగా అనవయ్యా, అప్పుడే అది బాగుపడుతుంది" అనేవారు. కళ్ళ సంగతి ఆయన ఎందుకు గట్టిగా అనలేకపోయారో నాకు ఇప్పుడు తెలుస్తోంది. కొలవడం కూడా నాకు అప్పగిస్తే ఇక పొద్దున్నే వచ్చి ఆ డబ్బా మీద కూర్చోవడానికి ఆయనకు పనేముంటుంది? ఊరికే వచ్చి కూర్చున్నా చాలని, అసలు అందుకే నేను షెడ్డు తెరిచేవాణ్ణని ఎప్పుడూ చెప్పలేదు. మా ఇద్దరికీ పని గురించి తప్ప వేరే మాట రాదు.

ఇంకాస్త మందమున్న రింగు వేసి, కొత్త ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టి, కూర్చాను. గాలి పెడితే క్లచ్ పట్టిన చప్పుడు పొట్టిగా, దగ్గరగా వినిపించింది. పక్క టైర్ల షాపు వాళ్ళు సాయం పట్టారు. కొంత ఆదివారం, మిగతాది సోమవారం తెల్లారాక బిగించాం.

అంతటితో అయిపోదు. క్లచ్ మార్చాక గేర్‌బాక్స్ కంప్యూటర్ పాత అలవాట్లు చెరిపేసి మళ్ళీ నేర్పాలి. ఎంత ఆయిల్, ఎంతసేపట్లో పంపాలో అది నడుస్తూ నేర్చుకుంటుంది. ఆ మొదటి నడక ఎప్పుడూ బండి సొంతదారే నడపాలని మాస్టారు పట్టుబట్టేవారు. ఎవరి కాలు కింద బతకాలో ఆ కాలు దగ్గరే నేర్చుకోనీ అని. తను పక్కన కూర్చుని, ఏసీ ఆపించి, మాట్లాడనిచ్చేవారు కాదు.

సోమవారం ఆయన కూర్చునే చోట నేను కూర్చున్నాను. అక్క కర్ర వెనక పడేసి, కుడికాలితో మెల్లగా తొక్కింది. ఫిలింనగర్ ఎత్తు మొదలైంది. ఒకటి. రెండు. ఇంజన్ గొంతు పెరుగుతోంది. నా చెవులు మూసుకుపోయినట్టయింది. వీపుకి సీటు కొంచెం ఆనింది, అంతే. జూబ్లీహిల్స్ వైపు తిరిగే మలుపు దగ్గర అక్క అడిగింది.

"అన్నా, మూడు ఎప్పుడు పడ్తది?"

"పడి చాలాసేపైంది."

ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. చెంపలు మాత్రం తడిశాయి. కొంతదూరం పోయాక, "ఇంతకీ ఏముండె అందుల?" అంది.

కొలత తప్పింది అన్నాను.

"ఎవరు కొలిచిన్రు?"

మాస్టారే, రెండు కళ్ళకీ శుక్లాలట అన్నాను. 

"పోనీ తియ్యి. గంత పెద్దమనిషి నా బండి కోసం కండ్లు పోగొట్టుకుంట కూసున్నడు. నాకు గదే యాదుంటది."

ఇక ఆ రోజు లెక్క.

సోమవారం. వాన లేదు, మబ్బు ఉంది. అక్క నన్ను షెడ్డు దగ్గర దింపి, అటే పనిలోకి వెళ్ళింది. వెనక సీటు నిండా హ్యాంగర్లకు వేలాడే బట్టలు ఎక్కించుకోవాలి, ఆలస్యమైందని కంగారు పడింది. రోడ్డు మధ్యలో నిలబడి బండి ఎత్తు ఎక్కేదాకా విన్నాను. రెండు నుంచి మూడుకి ఎక్కడ మారిందో పోల్చుకోలేకపోయాను. షెడ్డులోకి వచ్చి బల్ల మీద మిగిలిన పాత రింగును తీసుకుని, గుడ్డతో ఆయిల్ తుడిచి, మాస్టారు కూర్చునే డబ్బా మీద పెట్టాను.