బావ వండిన చైనీస్ భోజనం కోసం హైదరాబాద్‌కు

మా బావ హైదరాబాద్‌లో ఒక పెద్ద చైనీస్ రెస్టారెంట్‌లో వంట చేస్తాడు. నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. మా ఇద్దరికీ పెళ్లయి రెండేళ్లయింది. నెలకోసారి వస్తే వస్తాడు, లేకపోతే లేదు. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ అసలే రాలేడు, అక్కడ జనం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. ఆ పూట ఏం వండాడో రోజూ ఫోన్‌లో చెబుతాడు. ఒకసారి ఇంట్లో మా గ్యాస్ స్టవ్ మీద నూడుల్స్ చేశాడు. నాకు బాగానే ఉన్నాయి. తను మాత్రం నోట్లో పెట్టుకుని, మంట చాలలేదు, అక్కడ చేసేది ఇది కాదు అన్నాడు. అక్కడ చేసేదేమిటో తినాలని అప్పటినుంచి మనసు లాగుతూనే ఉంది. నేనూ వచ్చేస్తానని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. నలుగురితో కలిసి ఒకే గదిలో ఉంటున్న మనిషిని ఎలా అడగను? తనే రమ్మంటాడేమోనని చూస్తూ వచ్చాను.

పోయిన నెలలో ఒక బుధవారం సెలవు దొరికింది. మార్కాపురం నుంచి హైదరాబాద్‌కు శ్రీశైలం అడవి దారిలో పోవచ్చు, లేదా మాచర్ల, సాగర్ మీదుగా పోవచ్చు. ఘాట్ మలుపులు నాకు పడవు కాబట్టి తెల్లవారుజామునే మాచర్ల వైపు బస్సెక్కాను. టికెట్ నాలుగు వందల పైచిలుకు. యర్రగొండపాలెంలో ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. మాటల్లో విషయం తెలుసుకుని, నా ఒడిలోని చిన్న హ్యాండ్‌బ్యాగు వైపు చూసింది.

"మొగుడి కాడికి పోతా గుడ్డల సంచి కూడా తెచ్చుకోలేదేందమ్మా?"

రాత్రి బస్సుకే తిరిగి వచ్చేస్తానని చెప్పాను. ఆమె మాచర్లలో దిగిపోయింది.

హైదరాబాద్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. బస్టాండు పక్కనే మెట్రో ఉంది. అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీలో దిగితే ట్రాఫిక్ బాధ ఉండదు. అక్కడ ఆటో అతనికి రెస్టారెంట్ పేరు చెప్పగానే, ముందు గేటా, వెనక గేటా అని అడిగాడు. పనివాళ్లంతా వెనక గేటు దగ్గర దిగుతారట. ముందు గేటే అన్నాను.

లోపల చల్లగా, సగం చీకటిగా ఉంది. నేను వస్తున్నట్టు బావకు తెలుసు. కానీ వంటవాళ్లు హాల్లోకి రాకూడదన్నది అక్కడి నియమం. వంటగదికి గాజు గోడ ఉంది. దాని దగ్గరే ఇద్దరు కూర్చునే బల్ల అడిగి తీసుకున్నాను. వెయిటర్ వచ్చి ఎదురుగా ఉన్న ప్లేటు తీసేయబోతే ఉండనివ్వమన్నాను. గాజు వెనక బావ వీపు మాత్రమే కనబడుతోంది. మూకుడులోది ఎగరేసినప్పుడల్లా మంట అతని తల ఎత్తున లేస్తోంది. ఇంట్లో నిదానంగా నడిచే మనిషి అక్కడ ఒక్క క్షణం నిలబడటం లేదు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

మల్లెపూల వాసన వచ్చే టీ ఇచ్చారు. రొయ్యలు పొదిగి ఆవిరి మీద ఉడికించిన డిమ్‌సమ్‌లు, అల్లంతో ఉడికించిన చేప, ఫ్రైడ్ రైస్ చెప్పాను. అన్నీ కలిపి బిల్లు రెండు వేల లోపే. చేపతో పాటు ఒక చిన్న గిన్నెలో ఎర్రటి కారం నూనె వచ్చింది. పక్క బల్లల మీద అది లేదు. అన్నంలో సన్నటి పొగ వాసన ఉంది. మా స్టవ్ మీద రానిది అదేనని అప్పుడు తెలిసింది. కడుపు నిండుతున్నా తొందరగా తినబుద్ధి కాలేదు.

మూడు దాటాక హాలు ఖాళీ అయింది. మేనేజరమ్మ నా దగ్గరికి వచ్చి, మీ ఆయన్ని పది నిమిషాలు పంపిస్తాను కూర్చోమంది. ఏప్రన్‌తోనే వచ్చి బావ ఎదురు కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. ముంజేతి మీద కొత్తగా కాలిన మచ్చ ఉంది. నేను చెయ్యి పట్టుకుని చూస్తుంటే లాక్కోలేదు.

"ఎట్ల ఉంది?" అన్నాడు.

"ఫోన్లో నువ్వు చెప్పేదానికంటే బాగుంది."

చేప ఇంకా కొంచెం మిగిలి ఉంది. తినమన్నాడు. నేను తింటుంటే కళ్లార్పకుండా చూశాడు.

"నేను వండింది తింటా ఉంటే ఎదురుగా కూర్చొని చూడటం ఇక్కడ ఇదే మొదలు," అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "ఇక్కడ ఆసుపత్రుల్లో నర్సులు కావాలంట. అడిగి చూడమంటావా? రూము కూడా వేరే చూస్తా," అన్నాడు.

"చూడు బావా," అన్నాను.

లోపలినుంచి ఎవరో పిలిచారు. లేచి వెళ్లిపోయాడు.

రెండేళ్లుగా ఆ మాట కోసం ఎదురుచూశాను. అది విన్నాక తిరుగు బస్సులో నిద్ర పడుతుందనుకున్నాను, పట్టలేదు. ఇప్పటికీ రూము దొరకలేదు, ఒక ఆసుపత్రి వాళ్లు మాత్రం వచ్చే వారం రమ్మన్నారు. ఇదివరకు ఫోన్‌లో వంటల పేర్లు చెబితే ఊరికే వినేదాన్ని. ఇప్పుడు రుచి తెలుసు, ఆ మంట ముందు నిలబడ్డ వీపు తెలుసు. తెలిశాక ఒంటరిగా అన్నం వడ్డించుకోవడం ఇంకా కష్టంగా ఉంది.

మీరు ఇలాంటి చోటికి వెళ్లాలనుకుంటే వారం మధ్యలో, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో బల్ల బుక్ చేసుకోండి. ఆర్డర్లు ఆగిపోకముందే భోజనం దొరుకుతుంది, తర్వాత హాలు ఖాళీ అవుతుంది. మీవాళ్లెవరైనా ఆ వంటగదిలో ఉంటే, వాళ్లు కాసేపు కూర్చోగలిగేది ఆ వేళలోనే.