ఆ పాటలావిడ ఎవరు?

పోయిన నెల నా నవల వచ్చింది. బంధుమిత్రులకు ప్రతులు పోస్టులో వేసి ఇంటికొచ్చేసరికే చాలామంది నుంచి ఫోన్లో బొటనవేలి బొమ్మలు వచ్చేశాయి. పుస్తకం ఇంకా పోస్టాఫీసు గడపైనా దాటలేదు! నవ్వుకుంటూ కూర్చుంటే, సిడ్నీలో చదువుకునే రోజుల్లో నేను దగ్గరుండి చూసిన మొట్టమొదటి పుస్తకావిష్కరణ గుర్తొచ్చింది.

అప్పట్లో క్వేకర్స్ హిల్‌లో ఒక తెలుగువారింట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆ ఇంటి ఆంటీది గుంటూరు వైపు. వృద్ధాశ్రమంలో నర్సు, ఆదివారాలు చర్చి, మిగిలిన సమయమంతా నవలా రచయిత్రి. ఇస్త్రీ బల్లమీద కాగితాలు పరుచుకుని నిలబడే రాసేవారు కాబట్టి అంకుల్‌కూ నాకూ మడతలు లేని చొక్కా తొడుక్కునే యోగం ఉండేది కాదు.

ఆమె కొత్త నవల విజయవాడలో అచ్చయి ఓడమీద వచ్చి దిగిన వారం మా ఇల్లు పెళ్ళివారిల్లయింది. అట్టపెట్టెలు భోజనాల బల్లను ఆక్రమించుకుంటే మేం మెట్లమీద కూర్చుని తిన్నాం. అచ్చులో 'కన్నీరు' కాస్తా 'పన్నీరు' అయిపోవడంతో కథానాయిక కళ్ళలో పన్నీరు తిరుగుతోంది. ప్రతి పుస్తకంలోనూ దాన్ని పెన్నుతో దిద్దే పని నాకు పడింది.

మొదటి ప్రతిని ఆంటీ తన ప్రాణస్నేహితురాలికిచ్చారు. ఆమె చర్చిలో పాటల బృందానికి పెద్ద, అందుకని నేను క్వయర్ ఆంటీ అనేవాణ్ణి. ఆవిష్కరణ జరగాల్సిన చర్చి హాలు తాళాలూ, ఆ రోజు వండాల్సిన బిర్యానీ బాధ్యతా ఆమెవే. నవల్లో ఒకావిడ శ్రుతి లేకుండా అందరికంటే గట్టిగా పాడుతూ, తనంత గాయని లేదనుకుంటుంది. అది చదివిన క్వయర్ ఆంటీ ఫోన్ చేసి, తాను రానని, బిర్యానీ కూడా రాదని చెప్పి పెట్టేశారు.

"అరేయ్, ఈ ఆర్వో నీకు యూనిలో క్లాస్ లేదుగా, కారు తియ్యి," అన్నారు ఆంటీ. ఆర్వో అంటే అక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం.

వెళ్ళేసరికి క్వయర్ ఆంటీ గుమ్మంలోనే అందుకున్నారు.

"శ్రుతి లేకుండా పాడేది నేనా? ఇన్నేళ్ళ ఫ్రెండ్‌షిప్‌కి ఇదా నువ్విచ్చే గిఫ్టు?"

"దేవుడి తోడు, అది నువ్వు కాదే."

ఇక చల్లబడతారనుకున్నాను. ఆమె మొహం ఇంకా చిన్నబోయింది.

"నేను కాదా? మరి నేనెక్కడున్నా బుక్‌లో?"

ఎక్కడా లేరు.

"ఇంత లావు బుక్ రాశావ్, నాకొక్క పేజీ ఇవ్వలేకపోయావా!"

మొదటి కోపం కంటే ఈ రెండో కోపం పెద్దది. తన పాత్రలచేత పేజీల కొద్దీ మాట్లాడించిన ఆంటీ సాయానికి నావైపు చూశారు, నేను కార్పెట్ వైపు చూశాను.

తిరుగుదారిలో ఉండబట్టలేక, మరి నవల్లో ఆ పాటలావిడెవరని అడిగాను.

"నేనేరా," అన్నారు ఆంటీ, కిటికీలోంచి బయటికి చూస్తూ. "చర్చిలో ఒకసారి నా పక్కన నిలబడు, తెలుస్తుంది."

ఆవిష్కరణ నాటి శనివారం జనం ఎండలో తాళం వేసిన హాలు ముందు నిలబడ్డారు. అంకుల్ పిజ్జాల సంగతి ఆలోచిస్తుండగా క్వయర్ ఆంటీ కారొచ్చింది, వెనక సీటు నిండా బిర్యానీ గిన్నెలు. ఎవరితోనూ మాట్లాడకుండా తలుపులు తీశారు. ప్రసంగాలయ్యాక, ఎవరూ పిలవకుండానే మైకు దగ్గరికొచ్చారు.

"అందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. యెస్, ఆ పాటలావిడ నేనే. మా ఫ్రెండు నన్ను చూసే రాసింది!"

రుజువుగా పాడారు కూడా. జన్మలో శ్రుతి తప్పి ఎరగని మనిషి, ఆ పాత్ర పరువు నిలబెట్టడానికి హాలు అద్దాలు అదిరేలా తప్పు తప్పుగా పాడారు. మా ఆంటీ మొదట తెల్లబోయి, తరవాత పగలబడి నవ్వి, చివరికి వెళ్ళి ఆమెను కావిలించుకుని తనూ గొంతు కలిపారు. ఆ రోజు బిర్యానీ చాలా బాగుంది.

తరవాత వారాల తరబడి ఫోన్లు. నవల్లోని పచ్చ పట్టుచీర తనదేనని ఒకరు, బార్బీలకు, అంటే పెరట్లో మాంసం కాల్చుకుతినే విందులకు, అందరికంటే ముందొచ్చి కూర్చునే అల్లుడు తమ అల్లుడేనని ఒకరు. హెలెన్స్‌బర్గ్ గుడిలో ప్రసాదం వరసలో ఒక అంకుల్ నన్నాపి, తననెందుకు పిసినారిగా చూపించారో కనుక్కోమన్నారు.

నా కొత్త నవల్లో మా బావగారిని మీసం కూడా మార్చకుండా దించేశాను. మొన్న భోజనానికొచ్చారు. నవల చాలా బాగుందన్నారు, పప్పు రెండోసారి వడ్డించుకున్నారు, సంతోషంగా వెళ్ళిపోయారు. మనిషికి కోపం రావాలంటే ముందు చదవాలి కదా. మా రోజుల్లో అందరూ అంత కోపిష్ఠివాళ్ళుగా ఎందుకుండేవారో నాకిప్పటికి అర్థమైంది.