పాజ్‌లో ఇరవై నిమిషాలు

ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే పన్నెండు సిరంజి పంపులు డబ్బాల్లోకి వెళ్లి, మర్నాడు పొద్దున్నే ఒక పిల్లల ఆసుపత్రికి చేరతాయి. సిరంజి పంపు అంటే చెప్పుల డబ్బా అంత యంత్రం. మందు నింపిన సిరంజిని అందులో బిగిస్తే, డాక్టరు చెప్పిన వేగంతో చుక్క చుక్కగా బిడ్డ నరంలోకి పంపుతుంది. గంటకు ఐదు మిల్లీలీటర్లంటే ఐదే. ఆ యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా ఉద్యోగం.

మా ఆఫీసు ఏ.ఎస్. రావు నగర్‌లో, ఒక బట్టల షాపు మీద రెండో అంతస్తు. కాన్పు సెలవు అయిపోయి మళ్లీ చేరి అప్పటికి నాలుగో వారం. పాప పుట్టగానే నాలుగు రోజులు ఆసుపత్రిలో అద్దాల గదిలో ఉంది. మంచం పక్కన ఇలాంటి పంపే ఉండేది, వేరే కంపెనీది. నేను అద్దానికి ఇవతల నిలబడి పాప ముఖం కన్నా ఆ పంపు తెర మీది అంకెనే ఎక్కువ చూసేదాన్ని. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియకపోతే బాగుండేదని ఆ రోజు అనిపించింది.

మా దగ్గర కోడ్ చేత్తో రాయడం తక్కువ. ముందు ఒక బొమ్మ గీస్తాం. "నడుస్తోంది", "పాజ్", "అలారం" అని గళ్లు, ఏ బటన్ నొక్కితే ఏ గడిలోంచి ఏ గడిలోకి వెళ్లాలో చూపించే బాణాలు. దాన్నే మోడల్ అంటాం. ఆ బొమ్మలోంచి కోడ్‌ను కంప్యూటరే తయారు చేస్తుంది. తెర, అలారం, బ్యాటరీ, మోటారు, దేని సాఫ్ట్‌వేర్ దానిదే. కొన్ని మావి, కొన్ని బయట కొన్నవి. అవన్నీ ఎలా కలవాలో కూడా బొమ్మే చెబుతుంది. నా పరీక్షలు పుట్టేది కూడా ఆ బొమ్మలోంచే. కంప్యూటర్ ఒక్కో బాణం వెంటా నడిచి, బటన్లు తనే నొక్కి, జవాబు సరిపోతే పచ్చ రంగు, లేకపోతే ఎరుపు చూపిస్తుంది. తయారైన కోడ్‌ను ఎవరూ ముట్టుకోకూడదు, ఏం మార్చాలన్నా బొమ్మలోనే మార్చాలి అన్నది మా నియమం. అలవాటైపోయి, బొమ్మలో లేనిది మాకు లోకంలోనే లేనట్టుండేది.

ఈసారి మారింది ఒక్కటే, మోటారు భాగం. పాతదాన్ని అమ్మడం ఆ కంపెనీ ఆపేసింది. సీసాలు నింపే యంత్రాలకు సరఫరా చేసే ఇంకో కంపెనీ నుంచి కొత్తది తెచ్చాం. పెట్టాం, కోడ్ మళ్లీ తయారు చేశాం, పరీక్షలు నడిపాం. గురువారానికే అన్నీ పచ్చ.

అయినా పంపించే ముందు నిజం పంపును నీళ్లతో ఒకసారి నడపడం నా అలవాటు. శుక్రవారం భోజనం అయ్యాక అదే పనిలో ఉన్నాను. ఐదు మీద పెడితే ఒక చుక్క పడ్డాక ఇంకో చుక్కకు అర నిమిషం పైనే పడుతుంది. కింద గ్లాసు మార్చడానికి పాజ్ నొక్కాను. సరిగ్గా అప్పుడే ఫోన్. నేరేడ్‌మెట్ నుంచి మా అత్తగారు.

"అమ్మాయ్, పిల్లకి ఒళ్లు కాస్త వెచ్చగా తగులుతోందే. కంగారు పడకు. పడతావనే చెప్పకూడదనుకున్నాను."

"ఎంతుంది అత్తయ్యా? థర్మామీటర్ పెట్టారా?"

"పెట్టనిస్తేగా! అది కనబడితే చాలు, లాక్కుని నోట్లో పెట్టుకుంటోంది మీ రాణీగారు."

వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, ఎలా పెట్టాలో చెప్పి, మళ్లీ ఆవిడ ఫోన్ చేసేదాకా ఆగి, వంద ఉందని విని, మందు ఎంత పొయ్యాలో రెండుసార్లు చెప్పించుకుని లోపలికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. పంపు దగ్గరకొచ్చి స్టార్ట్ నొక్కాను.

చుక్క పడింది. దాని వెనకే ఇంకోటి, ఆ వెనకే ఇంకోటి. సరిగ్గా కట్టని కుళాయిలా పడుతూనే ఉన్నాయి. తెర మీద మాత్రం ఐదే. లెక్కపెట్టాలన్న తెలివి కూడా లేకుండా నిలబడిపోయాను. పక్క గదిలోంచి మేనేజర్‌ను పిలుచుకొచ్చేసరికి పంపు బుద్ధిగా అర నిమిషానికొక చుక్క వదులుతోంది.

మా మేనేజర్‌ది మల్కాజ్‌గిరి, యాభై దాటిన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచరు.

"ఏందమ్మా, మొఖం గట్ల పెట్టినవ్? మంచిగనే పడ్తున్నయ్ గద."

"ఇప్పుడు కాదు సార్. పాజ్ నుంచి తీసినప్పుడు ధారలా పడింది."

"మళ్ల చేసి చూపియ్యి."

పాజ్ నొక్కాను. స్టార్ట్ నొక్కాను. అర నిమిషానికి ఒక చుక్క. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ఐదుసార్లు చేశాను. పంపు నన్ను అబద్ధాలకోరును చేసింది. పంపు తనలో రాసుకునే లాగ్ తీసి చూస్తే అందులోనూ మొదటి నుంచీ ఐదే. మోటారును మేము ఎంత అడిగామో లాగ్ రాస్తుంది, అది ఎంత తోసిందో రాయదు.

బొమ్మ గీసే కొలీగ్ వచ్చింది. మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్లం.

"టెస్టులన్నీ గ్రీన్ ఉన్నయ్ కదనే. ట్యూబ్‌ల గాలి బుడగ ఉంటే గట్లనే దుంకుతయ్," అంది. తర్వాత గొంతు తగ్గించి, "పాపకు జరమట గద? నువ్వు ఇంటికి పో, ఇక్కడ నేను సూస్కుంట. జెర ఎక్కువనే పరేషాన్ అయితున్నవ్," అంది. ఆమె తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ప్రేమగా అనేసరికి, వంగి ట్యూబ్‌లో బుడగ కోసం చూడసాగాను.

మేనేజర్ గడియారం చూసుకున్నారు. "బండి ఐదున్నరకు వస్తది. నేనేం జబర్దస్తీ చేస్తలేను, సంతకం నీదే. కానీ ఆపాలంటే ఆస్పత్రోళ్లకు నేనేమని చెప్పాలె? అయ్యింది ఒక్కసారి. చూసింది సుత నువ్వొక్కదానివే."

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. పాప అద్దాల గదిలో ఉన్నప్పుడు తెర మీద అంకె మారిందని నేను నర్సును మూడుసార్లు పరుగెత్తించాను. మూడుసార్లూ మారలేదు. ఇప్పుడూ అలాగే చూశానా? నా కళ్ల మీద నాకే నమ్మకం లేకుండా పోయింది. అదే పంపు, అవే నీళ్లు, అదే వేలు. మొదటిసారికీ తర్వాతి ఐదుసార్లకీ తేడా ఏమిటి?

పరీక్షల ఫైలు తెరిచాను. పాజ్ నొక్కు. ఆగు, సున్నా సెకన్లు. స్టార్ట్ నొక్కు.

ఆ సున్నా నేను పెట్టిందే. సెలవుకు ముందు మా పరీక్షలు రాత్రంతా నడిచేవి. మోడల్‌లో కాలం అన్నది లేదు. పాజ్ గడిలో ఒక సెకను ఉన్నా గంట ఉన్నా అది పాజే. అలాంటప్పుడు ఊరికే ఆగడం ఎందుకని ఆగే చోటల్లా సున్నా పెట్టేశాను. రాత్రంతా పట్టే పని నలభై నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు, సమోసాలు తెప్పించారు. పాత మోటారుతో ఏ ఇబ్బందీ రాలేదు, ఆగమంటే ఆగేది అంతే. ఇందాక ఐదుసార్లు నొక్కినప్పుడు నేను కూడా కంప్యూటర్ లాగే వెంటనే నొక్కాను. ఆసుపత్రిలో నర్సు అలా నొక్కదు. సిరంజి మార్చడానికి పాజ్ చేస్తుంది, పక్క మంచంలో బిడ్డ ఏడుస్తుంది, అటు వెళ్తుంది.

"ఇరవై నిమిషాలు కావాలి సార్."

"టైమ్ చూసినవా?"

"నాలుగుంపావు."

ఆయన నా ముఖం వంక చూశారు. "సరే, షురూ చెయ్."

ఈసారి నా కళ్లను నమ్ముకోలేదు. గ్లాసును కాటా మీద పెట్టాను, ఎంత నీరు పడిందో అంకెలే చెబుతాయి. పంపును కాసేపు నడిపి, పాజ్ నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. పక్కన వాళ్లిద్దరూ.

ఎనిమిదో నిమిషంలో ఫోన్ మోగింది. అత్తగారు. "నూటొకటికి పోయిందే అమ్మాయ్. అబ్బాయి ఆఫీసు నుంచి బయల్దేరాడు. నువ్వెక్కడున్నావ్?"

"ఆయన రాగానే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి అత్తయ్యా. నేను అక్కడికే వస్తాను."

"ఇప్పుడు రాలేవా?"

"కాసేపు," అన్నాను. అవతల ఆవిడ ఫోన్ పెట్టేశారు.

"పోవే, మేం సూస్తం కదా," అంది కొలీగ్. నేను కదల్లేదు. వెళ్లిపోతే పదిహేనో నిమిషానికే ఎవరో ఒకరు చాల్లే అని స్టార్ట్ నొక్కుతారని భయం. నా అనుమానం తప్పయి, అక్కడ పాపకు ఏమైనా అయితే నన్ను నేను ఎలా క్షమించుకుంటానన్నది ఇంకో భయం. మిగతా పన్నెండు నిమిషాలూ ఆ రెండింటి మధ్యే నిలబడ్డాను.

ఇరవై. స్టార్ట్ నొక్కాను.

చుక్కలు ఉరికాయి. కాటా మీద అంకె ఆగకుండా ఎక్కింది. తెర మీద ఐదు. "ఓయమ్మో," అంది కొలీగ్ మెల్లగా. మేనేజర్ కళ్లజోడు తీసి, వంగి, కాటా మీది అంకె దగ్గరగా చదివారు. ఇరవై నిమిషాల్లో పోవాల్సిన నీరు మూడు నిమిషాల్లో పోయింది. తర్వాత పంపు ఏమీ ఎరగనట్టు మళ్లీ అర నిమిషానికొక చుక్క.

కొలీగ్ మోటారు మాన్యువల్ తెచ్చి పేజీలు తిప్పింది. మధ్యలో ఆగితే, ఆగినంతసేపటి పనినీ వేగం పెంచి పూర్తి చేసే సెట్టింగ్ ఒకటి ఉంది. సీసాలు నింపేవాళ్లకు అది కావాలి కాబట్టి మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. మా బొమ్మలో దానికి గడి లేదు. కాబట్టి ఆఫ్ చెయ్యమని ఎవరూ దానికి చెప్పలేదు.

"నేను గీయలేదే దీన్ని," అంది, పాలిపోయిన ముఖంతో.

కాగితం తీసుకున్నాను. ఫెయిల్ అన్నచోట సంతకం పెట్టాను. కారణం అన్న గడిలో కొత్త మోటారు సెట్టింగ్ గురించి రాసి, కింద పరీక్షల్లో ఆగే సమయం సున్నా చేసింది నేనేనని, అందుకే ఇది దొరకలేదని కూడా రాశాను.

మేనేజర్ చదివారు. "గిట్ల రాస్తే ఆడిట్‌ల నిన్నే అడుగుతరు, తెల్సుగా?"

"అడగనివ్వండి సార్."

"బండి వద్దని నేను చెప్తా. నువ్వు పో. పాప కాడికి పో."

పాపకు వచ్చింది మామూలు జ్వరమే. రెండు రోజుల్లో తగ్గింది. అత్తగారు ఆ 'కాసేపు' గురించి ఇంతవరకు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సెట్టింగ్‌కు బొమ్మలో గడి వచ్చింది. కాలం కూడా వచ్చింది. పరీక్షలు మళ్లీ రాత్రంతా నడుస్తున్నాయి. ఇది రాస్తున్నప్పుడు పాప నా పక్కన నిద్రపోతోంది. అక్కడ ఆఫీసులో, దీపాలార్పిన గదిలో ఒక పంపు పాజ్‌లో ఉంది. ఫైలు మొత్తం వెతికి నేను పెట్టిన సున్నాలన్నీ తీసేశాను. అన్నీ తీశానా అని రేపు పొద్దున ఇంకోసారి చూడాలి.