పైడమ్మత్త పడిన చోటు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి గొప్ప మాటలు రావు గానీ, చూసింది చూసినట్టు చెప్పడం మాత్రం వచ్చు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మెట్ల దగ్గర ఒక వాసన తగిలింది. కాలికింద నలిగిన కొండగడ్డి వాసన, తడిమట్టితో కలిసి. ఎదురింటి గుమ్మంలో విప్పి పడేసిన బూట్ల నుంచి వస్తోంది. వాటికి చీపురుగడ్డి ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. ఎదురింటి పిల్ల రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. ఆ పిల్లకి కొండల వెంట నడవడమంటే పిచ్చి. ఆఫీసు పని మీద ఫ్రాన్స్ దేశం వెళ్ళినప్పుడు కూడా, సెలవు పెట్టుకుని అక్కడి పల్లెల వెంట నడిచిందట. పక్కన కూర్చుని ఫోనులో ఫొటోలు చూపించింది. బారులు తీరిన ద్రాక్షతోటలు, వాటి మధ్య ఒక్క మనిషి పట్టేంత దారి. ఆ దారే అడవిలో దూరి, చెట్లనీడలో కాసేపు కనబడకుండా పోయి, చివరికి తెల్లటి కొండ అంచు మీద తేలింది. కింద ఎక్కడో నది. ఇంత పొడుగు దారిలో ఒక్క ముళ్ళతీగ అడ్డం లేదు.

"ఈ తుప్పలన్నీ ఎవరు కొడతారమ్మా?" అని అడిగాను.

"ఏమోనండీ మామ్మగారూ, ఎవరో కొట్టే ఉంటారు. నేను చూసుకోలేదు," అని నవ్వేసింది.

ఆ పిల్ల తప్పేం లేదు, నడిచేవాళ్ళకి కొట్టేవాళ్ళు కనపడరు. నాకు మాత్రం ఫోను చేతిలో ఉండగానే, తెగిన చర్మంతో, ఆకుపసరుతో నల్లబడిన మా అమ్మ చేతులు కళ్ళముందుకొచ్చాయి.

మా ఊరు యారాడ కొండకి అవతల, సముద్రం వైపు. గుప్పెడు ఇళ్ళు. ఏం కొనాలన్నా అమ్మాలన్నా కొండ దాటి, రేవులో పడవెక్కి, వన్ టౌన్ బజారుకి వెళ్ళాల్సిందే. ఆ దారి మొదట జీడితోటల్లోంచి పోయేది, ఎండాకాలం పళ్ళు రాలి కుళ్ళి మత్తు వాసన కొట్టేవి. తర్వాత నేరేడు చెట్ల కింద నుంచి, కలేకాయల ముళ్ళతుప్పల మధ్య నుంచి ఎక్కి, మళ్ళీ ఒక్కసారిగా కొండ అంచుకి వచ్చేది. అక్కడ ఎడమ చేతికి రాయి, కుడి చేతికి గాలి. కింద సముద్రం రాళ్ళని కొడుతున్న చప్పుడు అరికాళ్ళకి తెలిసేది. వానాకాలం ఆ దారి పచ్చగా పూడిపోయేది. వినాయక చవితి వెళ్ళాక దసరాలోగా ఊరంతా కత్తులు నూరుకుని దారి కొట్టేది. ఇంటికింత అని వంతు ఉండేది, ఈ బండ నుంచి ఆ చెట్టు దాకా అని తాతల నాటి నుంచి వస్తున్నది. తుప్ప కొట్టాలి, తీగ తెంపాలి, రాళ్ళ మీద పాకుడు గీకి ఇసక చల్లాలి. పిల్లలం రాగులతో కాచిన చోడి అంబలి కుండలు, ఉల్లిపాయలు, కాల్చిన ఎండునెత్తళ్ళ చేపలు మోసుకుపోయేవాళ్ళం. పని అయ్యాక ఊరిపెద్ద సన్యాసి తాత కర్రతో తట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవాడు.

ఇంకో కట్టుబాటు ఉండేది. ఎవరి వంతులో మనిషి పడితే, ఆ మనిషి మళ్ళీ నెత్తిన గంప ఎత్తే దాకా ఆ ఇంటివాళ్ళే రోజూ కూడు వండి పంపాలి. దాన్ని శిక్ష అనేవారు కాదు. "మీ వంతులో పడ్డాడు, మీ కూడు తినాల," అనేవారు, అంతే.

కొండ అంచు ముక్క మా వంతు. నల్లబండ దగ్గర అది అయిపోయి, పైడమ్మత్త వాళ్ళ వంతు మొదలయ్యేది. పైడమ్మత్త మాకు వరసకి మేనత్త. గట్టి మనిషి, గొంతు పెద్దది, ఆవిడ నవ్వితే తోటలో కాకులు లేచిపోయేవి. ఆ ఏడు మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో పడవ మీద పనికి పోయి, వారాల తరబడి ఇంటికి రాలేదు. అమ్మ ఒడిలో చంటి తమ్ముడు. అదే సమయానికి కొండ మీద సీతాఫలాలు ఒక్కసారిగా కళ్ళు విప్పాయి. ఈ రోజు కొయ్యకపోతే రేపటికి ఉడతల పాలు. అందుకని అమ్మ, దారి రేపు కొడతాను, ఎల్లుండి కొడతాను అనుకుంటూ గంపలు నింపుకుంది. అందరి వంతులూ నున్నగా అయ్యాయి, మాది ఒక్కటే మిగిలింది.

ఆ వేళ తెల్లారగట్ల సన్నటి వాన కురిసి వెలిసింది. ఆడవాళ్ళంతా గంపలతో ముందుకు పోయారు. చంటివాడికి పాలిచ్చి బయల్దేరేసరికి మేము వెనకబడ్డాం. మాకోసం ఆగి పైడమ్మత్త మా ముందు నడుస్తోంది, సీతాఫలాల తీపి వాసన వెనక్కి కొడుతోంది. మా వంతులో, నల్లబండకి ఇవతల, తీగ ఒకటి ఆవిడ కాలికి చుట్టుకుంది. గంప ఎగిరింది. పళ్ళు ఒకదాని వెనక ఒకటి అంచు దాటి దొర్లిపోయాయి. ఆవిడ రాళ్ళ మీద పడింది, కాలు కింద మడతపడి. ఆ చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు నాకు వినిపించింది.

అమ్మ "వదినా!" అని అరిచింది. ముందు పోయినవాళ్ళు వెనక్కి పరిగెత్తుకొస్తున్న అలికిడి. అప్పుడు పైడమ్మత్త చేసిన పని ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. పళ్ళు బిగబట్టి, చేతులు నేలకాన్చి, విరిగిన కాలు ఈడ్చుకుంటూ కూర్చున్నదే జరిగి జరిగి నల్లబండ దాటి, అవతల చేరగిలబడింది.

"ఏటి సేత్తన్నావే వదినా!" అంది అమ్మ.

"నోర్ముయ్యి. నీ ఇంట్లో గింజలెన్నున్నాయో నాకు తెలీదేటి? సంటోడికి పాలు రావాలంటే నువ్వు తినాల. నాను నా వంతులోనే పడ్డాను."

జనం వచ్చారు. ఆవిడ అదే చెప్పింది. బండ కింద పాకుడు మీద జారానంది. ఆవిడని దుప్పట్లో వేసి ఊళ్ళోకి మోశారు. ఒకావిడ మోస్తూనే ఎగతాళి చేసింది. "నీ పాకుడు నువ్వే గీక్కోనేదేటే పైడీ? ఊరందరికీ బుద్ధులు సెప్తావు!" పైడమ్మత్త ఆ నొప్పిలోనే, "గీకే వోపిక నేక నీకోసం అట్టేపెట్టానే," అని నవ్వింది.

ఆ సాయంత్రమే అమ్మ తమ్ముడిని నా ఒళ్ళో పడేసి, కత్తి తీసుకుని పోయి, మా వంతు మొత్తం ఒంటిచేత్తో కొట్టింది. తుప్పలే కాదు, వేళ్ళు కూడా పెకలించింది. మర్నాటి నుంచి వంట మొదలుపెట్టింది. ఎక్కడెక్కడో బతిమాలి బియ్యం తెచ్చి, నెత్తళ్ళ పులుసు, ఉలవచారు, ఒకనాడు బెల్లం వేసిన బూరెలు కూడా చేసి గిన్నె కొంగు కింద దాచుకుని పోయేది. పైడమ్మత్త ముట్టుకునేది కాదు. "ఇది తింటే ఊరికి తెలిసిపోద్ది. ఎల్లు, పిల్లలకెట్టు," అనేది. గిన్నె తిరిగొచ్చేది. అమ్మ తినేది కాదు, పక్కకి తిరిగి కూర్చునేది. ఆ అన్నమంతా నేనే తిన్నాను. నా చిన్నతనంలో కడుపారా తిన్న రోజులు ఏవని అడిగితే, నిజం చెప్పాలంటే అవే.

తర్వాత సన్యాసి తాత దారి చూడ్డానికి వెళ్ళాడు. మా వంతు అద్దంలా ఉంది. తిరిగొచ్చి రచ్చ దగ్గర అందరి ముందూ, పైడమ్మ తన వంతు నిలబెట్టుకోలేకపోయింది కాబట్టి ఆ ముక్క కూడా మాకే ఇస్తున్నానన్నాడు. వంతు పోవడమంటే ఆ ఇంటికి ఊళ్ళో పరువు పోవడమే. పైడమ్మత్త మొగుడు తల దించుకున్నాడు.

అమ్మ లేచి నిలబడింది. "తాతా, ఆవిడ నా వంతులో పడింది. నాను కొట్టని తీగ తగులుకుని పడింది. నా కళ్ళతో సూసేను."

సన్యాసి తాత కళ్ళు తుడుచుకున్నాడు.

"సూసేరా! వదిన తప్పు నెత్తినేసుకుంటంది. ఇలాంటి మనిషి ఏ ఊళ్ళో ఉందిరా!"

"కాదు తాతా, నిజం సెప్తన్నాను!"

"తెలుసమ్మా, తెలుసు. నీ మనసు మాకు తెలీదేటి? నీ మాట మీద పైడి వంతు పైడికే ఉంచుతున్నాను. కూకో తల్లీ."

ఆడవాళ్ళు వచ్చి అమ్మ భుజం తట్టారు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. దానికీ మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి ఊళ్ళో అమ్మకి మంచిమనిషి అని పేరు పడింది, ఆ మాట విన్నప్పుడల్లా నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కునేది. తిండి తగ్గిపోయింది, మనిషి ఎండిపోయింది. ఎవరి కోసం ఆ అబద్ధం పుట్టిందో ఆ చంటివాడికే పాలు చాలకుండా పోయాయి.

చలి మొదలయ్యాక ఒక పొద్దున్న మా గుమ్మంలో కర్ర చప్పుడైంది. పైడమ్మత్త. కాలు కాస్త వంకరగా అతుక్కుంది. వచ్చి పీట లాక్కుని చతికిలబడింది.

"ఏటే, అలా సూత్తావేటి? రేపు గంప ఎత్తుతన్నాను. నీ బాకీ ఇయాల్టితో సరి. ఏటుంటే అదెట్టు, ఆకలేత్తంది."

ఇంట్లో చోడి అంబలి, ఎండుమిరపకాయ తప్ప ఏమీ లేవు. అమ్మ వడ్డించింది. పైడమ్మత్త లొట్టలేసుకుంటూ తాగి, గిన్నె ముందుకి తోసి మళ్ళీ పోయమంది, మళ్ళీ పోయమంది. "ఉప్పు ఎక్కువేశావే దొంగదానా," అంది. అమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ కుండ అడుగు గీకింది. ఆ పూట నాకు అంబలి మిగల్లేదని అలిగి మూల కూర్చున్నాను. నాకేం తెలుసు!

కాలు మాత్రం సరి కాలేదు. బతికినంత కాలం పైడమ్మత్త కుంటుకుంటూనే కొండ దాటింది. బతికినంత కాలం అమ్మ ఆవిడ వెనకే, ఆవిడ అడుగులోనే నడిచింది. ఇద్దరూ బజారుకి అందరికంటే ఆలస్యంగా చేరేవారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. తారురోడ్డు వచ్చాక ఆ దారిని ఎవరూ తొక్కలేదు. ఊళ్ళో వాళ్ళు హార్బర్ వైపు కొందరు, గాజువాక వైపు కొందరు చెదిరిపోయారు. నిన్న ఎదురింటి పిల్ల నన్ను ఆటోలో అటు తీసుకెళ్ళింది. నల్లబండ కనబడలేదు, జీడితోట కనబడలేదు. కొండ అంచున ఇనప కమ్మీలు కట్టారు. పక్కన ఇంగ్లీషులో బోర్డు ఉంది, ఆ పిల్ల చదివి వినిపించింది. నడిచేవారు జారి పడితే బాధ్యత నడిచేవారిదేనట. ఆ పిల్లకి అది మామూలు మాట. నేను మాత్రం అక్కడ నిలబడలేక వెనక్కి తిరిగాను. మనిషి పడితే తలదించుకునే ఇల్లు ఈ కొండ మీద ఇంక ఒక్కటీ లేదు.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో కాలు జారిన ప్రతివాళ్ళకీ ఒక చెయ్యి దొరకాలి. మీవల్ల ఎవరికైనా నొప్పి కలిగితే, మీ గుమ్మంలోకి వచ్చి "కూడెట్టు" అని అడిగే మనిషి మీకు ఉండాలి.