నా యారాలు చూసిన సముద్రం

మొన్న మా మనుమరాలు కాలేజీ చదువు కోసమని ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే, పడవ అడుగున సున్నపు గొట్టాల్లా గుత్తులుగా అంటుకున్న పురుగులు కనబడ్డాయి. వాటి సంగతి నాకూ తెలుసునని నోరు తెరిచేలోగానే అది లేచి, పక్కింట్లో ఉండే మా యారాలిని అడగడానికి పోయింది. ఈ వయసులోనూ నా కడుపు భగ్గుమన్నది.

యారాలంటే మా మరిది పెండ్లాం, నాకంటే చిన్నది. ఆ రోజుల్లో కందులు కొట్టడం కాగానే మా ఇంటి అన్నదమ్ములిద్దరూ నారాయణఖేడ్‌లో బస్సెక్కి బొంబాయి పోయి, ఒడ్డుకు లాగిన చేపల పడవల అడుగులు గీకే పని చేసి, తొలకరికి తిరిగొచ్చేవాళ్లు. అక్కడ వండిపెట్టడానికి ఒకతె, ఇక్కడ అత్తనూ బర్రెలనూ చూడటానికి ఒకతె కావాలి గనుక, పెద్దకోడలినని నన్ను ఉంచేసి దాన్ని పంపేవాళ్లు. అది వంటతో ఊరుకోక గీకుడు పనికీ పోయేది. వచ్చాక అరుగు మీద కూర్చుని, ఆ పురుగులు మన సముద్రానివి కావట, పరదేశపు ఓడలకు అంటుకుని వచ్చాయట, అవి పట్టిన పడవ బరువెక్కి కదలనే కదలదట అని చెబుతుంటే, మా అత్త సైతం చాటలో బియ్యం వదిలేసి వినేది. దాని అరచేతుల మీది కోతలను చూసినా నాకు అసూయే.

ఒక ఏడు పట్టుబట్టాను. "ఈసారి నేను పోత, దాన్ని ఉండమను" అంటే మా అత్త "పో, ఎవలొద్దన్నరు?" అన్నది. పోయాను. సముద్రం అది చెప్పినంతా ఉంది. గీకుతుంటే గొట్టాలు పెంకుల్లా పగిలి వేళ్లు కోసుకుపోయినా చెయ్యి ఆపలేదు. సాయంత్రం పడవ గలామె వచ్చి, అడుగంతా తడిమి చూసి, చిన్నామె ఎందుకు రాలేదని మాత్రం తన భాషలో అడిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక యారాలు నా చేతులు ఒళ్లో పెట్టుకుని పసుపూ నూనే రాస్తూ, "చెప్పక్కా, నీళ్లు ఇంకా గట్లనే ఉన్నయా?" అని అడిగింది. ఆ ఏడంతా అది నా మీద కుళ్లుకున్నదని దాని గొంతులోనే తెలిసిపోయింది. నాకు లోపల చల్లగా అనిపించి, చూసినదానికంటే కొంచెం ఎక్కువే చెప్పాను.

మీ ఇళ్లల్లోనూ ఇంతే కదా, ఇప్పుడు ఎవరి పిల్లలు సముద్రం దాకా పోయినా, వాళ్లు ఊరు చేరకముందే ఆ అలలు మన ఫోన్లలోకి వచ్చేస్తున్నాయి. ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టుకుని చెప్పడం లేదు, అసూయతో కండ్లు మండుతున్నా కదలకుండా వినేవాళ్లూ లేరు. అట్లా కుళ్లుకోవడానికి నాకు మిగిలింది మా యారాలు ఒక్కతే.