వీపు మీద దొరగారు

మా ఆయన జెత్రో గారడ్ ఎత్తుకోని పెద్దమనిషి ఇంగ్లండు ఫెలిక్స్‌స్టో రేవులో లేడు. అక్కడికొచ్చే విమానాలు ఎగిరే పడవలు, అవి వాలేది నీళ్ళ మీదే కదా. బూట్లు తడవకుండా పైలట్లనీ ఆఫీసర్లనీ వీపున వేసుకుని ఒడ్డుకు చేర్చడం ఆయన పని. పద్నాలుగేళ్ళు మోశాడు, ఒక్కణ్ణీ తడపలేదు.

1928 మార్చిలో లండన్ విమానశాఖ నుంచి, అక్కడి పెద్ద అధికారి క్రాన్విల్ దొర సంతకంతో కాగితం వచ్చింది. మోసే మనిషి దండగట. శుక్రవారం పన్నెండు గంటల సైరన్ మోగాక అతను ఎవర్నీ మోయకూడదట. నాకు ఒళ్ళు మండిపోయింది. యాభై దాటిన మనిషికి ఇంకో పని ఎవడిస్తాడు? ఆయన మాత్రం కాగితం రెండుసార్లు చదివి టోపీలో దోపుకున్నాడు.

సరిగ్గా ఆ శుక్రవారమే దొర దిగబడ్డాడు. సైన్యం కోసం కొత్తగా కట్టి పరీక్షిస్తున్న మూడింజన్ల ఎగిరే పడవలో తిరిగి చూస్తాడట. పొద్దున ఎక్కించిందీ మా ఆయనే. ఒక ఇంజన్ మొరాయించి, వాళ్ళు తిరిగొచ్చేసరికి పన్నెండు కావస్తోంది. నేను ఒడ్డున టీ పోస్తున్నాను.

దొరని వీపున వేసుకుని మా ఆయన నడుంలోతు నీళ్ళలో సగం దూరం వచ్చాడో లేదో, సైరన్ మోగింది. ఆయన ఠక్కున ఆగిపోయాడు.

"నడవవేమయ్యా?" అన్నాడు దొర.

"పన్నెండయింది దొరగారూ. ఇంక మోస్తే తమరి ఆర్డరు మీరినవాణ్ణవుతాను. ఇక్కడే దించమంటారా?"

దొర కిందికి చూశాడు. మార్చి నెల సముద్రం. ఒడ్డున ఆఫీసర్లు నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డారు. నాకు మాత్రం భయం పట్టుకుంది, ఈయన్ని జైల్లో వేస్తారేమోనని.

దొర కసిరాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. కాగితం టోపీలోనే ఉందనీ, కావాలంటే మార్చి రాసుకోవచ్చనీ మా ఆయన మహా మర్యాదగా చెప్పాడు. దొర మా ఆయన టోపీ తీసి, ఆ బట్టతల మీదే కాగితం పెట్టి, జేబులోని పెన్సిలుతో రాశాడు: నేను మళ్ళీ తనిఖీకి వచ్చేదాకా ఇతను పనిలో ఉండవచ్చు.

దొర గడుసు పిండమే. నెల తిరక్కుండా వచ్చి పీకేద్దామనుకున్నాడు కాబోలు. కానీ తనిఖీ అంటే పడవెక్కాలి, పడవెక్కాలంటే మా ఆయన వీపెక్కాలి.

దొర మళ్ళీ రాలేదు. మా ఆయన ఇంకో పదకొండేళ్ళు మోశాడు.